పలికే రాయి

నున్నటి రాళ్ళు వద్దంటాడు గంగులప్ప.
దేవనహళ్ళి అవతల, మూతబడ్డ క్వారీలో
పెళ్ళల గుట్ట మీద గొంతుక్కూచుని
నేను ఏరుకొచ్చిన ఒక్కోదాన్నీ
సుత్తితో తట్టి, చెవి ఒగ్గి,
"ఇది పలకదుమా. లోపల చీలుండాది"
అని పక్కకి విసిరేస్తాడు.

ముందు కన్నడంలోనే అడగబోయాను.
నా తడబాటు విని నవ్వాడు.
"తెలుగోళ్ళా? మేమూ అంతే.
తాతలనాటి నుంచీ ఈడనే,
రాయి కొట్టేది మాత్రం తెలుగులోనే."

నాకు కావలసింది జానెడు రాయి.
జువ్వి మొక్క దాని మీద కాళ్ళు జారవేసుకుని కూచోవాలి,
వేళ్ళు పట్టు తప్పకుండా కింది మట్టిని అందుకోవాలి.
ముడతలుండాలి. నీళ్ళు తాగి పొడికాకూడదు.
యలహంకలో మా మూడో అంతస్తు బాల్కనీ
దాన్ని మోయగలగాలి.

కిందటేడు మా ఆడబిడ్డ చెన్నై నుంచి తెచ్చిన
సముద్రపు రాయిని నెల్లాళ్ళు బకెట్లో నానేసి
నాలుకతో చూశాను. ఉప్పు.
నీళ్ళు మార్చీ మార్చీ, ఇంకా ఉప్పే.
ఇప్పుడది తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంటోంది.
సిమెంటు పెళ్ళలో సున్నం.
మొరం గడ్డ గోటికే రాలింది.

మధ్యాహ్నం దాకా ఒక్కటీ కుదరలేదు.
అప్పుడు కాలికి తగిలిందొకటి,
ఎద్దు మూపురంలా ఒక పక్కకి ఒరిగి.
వీపున నిలువునా గాడి,
ఉలి దిగి సగంలో ఆగిన గుర్తు.

గంగులప్ప దాన్ని తట్టలేదు.
బొటనవేలు గాడిలో పెట్టి
పైకీ కిందికీ నడిపాడు.
"మా నాయన కొట్టింది."
ఎలా తెలుసన్నాను.
"ఎడమచేతి వాటం ఆయనది. ఎట్ల వంగిందో చూడు."
చీలమన్నచోట చీలలేదట రాయి.
ఆ పూట కూలి ఇవ్వలేదట.

డబ్బులు తీసుకోలేదు.
మోసుకొచ్చి స్కూటర్ మీద పెట్టి
"వేరు ఈడ దిగల్ల" అని గాడి చూపించాడు.

అలాగే చేశాను.
పెద్ద వేరుని గాడిలో పడుకోబెట్టి
గుడ్డపేలికలు చుట్టి
మెడదాకా మట్టిలో పూడ్చి
రెండు వానాకాలాలు
చేతులు కట్టుకుని కూచున్నాను.

మొన్న ఆదివారం విప్పాను.
గాడిలో వేరు ఎండి దారపు పోగైంది.
నేను లెక్కలోకి తీసుకోని చిన్నదొకటి
చిటికెనవేలంత లావై,
నేనూ గంగులప్పా తిప్పి చూడని పక్క నుంచి
రాయిని చంకనేసుకుని దిగిపోయింది.

ఫోటో తీశాను. పంపుదామంటే
ఆయన నంబరు అడగనే లేదు.
ఖాళీ గాడి అడుగున
రాత్రి కురిసిన నీళ్ళు,
ఉద్దరిణెడు.