ఏడో గ్రిడ్

రాగిరేకు కరగడానికి రాత్రంతా పడుతుంది.
పొద్దున వచ్చి మూత తీస్తే
గాజుగిన్నెలో ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేనిదాన్నే నేను పైకి తీయాల.

దీపం వంచి, తల వంచి, ఊపిరి బిగబట్టి చూస్తే
ఒక మూల నీళ్ళు కొంచెం వేరుగా మెరుస్తాయి.
గ్రాఫీన్. ఒక్క అణువంత మందం.
దూది ఏకిన మా జేజినాయన చూసుంటే
"ఇంత పల్చగా ఏకితే పరుపు ఎట్లయితాది పాపా" అనేవాడు.
పరుపే జేజినాయనా,
పండుకునేది మనుషులు కాదు.

చెనక్కాయ చెట్టుకు మొవ్వు కుళ్ళబెట్టే వైరస్,
కూడేరు చేలో ఆకులు తెచ్చి నూరి తీసింది.
చేనంతా తినేస్తాది గానీ
ఉత్త గాలి తగిలితే చెదిరిపోతాది దాని ఒళ్ళు.
వీపు ఆనించుకోను దానికి ఈ పరుపు.

పన్నెండు గ్రిడ్లు పరిచినాను, ఒక్కోటి పెసరబద్దంత.
ఒకటి ఓబుళమ్మ చీపురు గాలికి పోయింది.
రెండు అసిటోన్‌లో ముడుచుకున్నాయి.
ఇంకోటి ఎందుకు చిరిగిందో దానికే తెలియాల.

నత్రజని పశువుల ఆస్పత్రి నుంచి రావాల,
ఎద్దుల విత్తనం దాచే క్యాన్లలో మిగిలింది.
మధ్యాహ్నం దాటినాక వచ్చినాడు కుళ్లాయప్ప.
"బెళుగుప్పలో క్యాంపు మేడం, ఆరు ఆవులు, ఒకటి తన్నింది"
మోకాలు చూపించి, పొగలు కక్కే క్యాను దించి,
"దీంతో మీరేం పుట్టిస్తారు?"
మోకాలికి పసుపు పెట్టుకోమన్నాను.

మా ఇంటి బోరు తొమ్మిదొందల అడుగులు,
పోయిన ఏప్రిల్ నుంచి దుమ్మే.
ఇక్కడ నాకు కావాల్సిన నీటి లోతు
వెంట్రుకను రెండువేల పొరలు చీలిస్తే ఒక పొర.
అనంతపురం గాలి దాన్నీ వదలదు,
అద్దుడు కాగితం తీసేలోపలే తాగేస్తాది.
తేమపెట్టెలో చేతులు దూర్చి
చుక్క వేసి, నాలుగు సెకన్లు అద్ది,
ఈథేన్‌లోకి వదిలేయాల.

మంచు కావడానికి కూడా నీళ్ళకు టైం ఇయ్యకూడదు.
ముళ్ళు లేవకూడదు, పూలు పూయకూడదు.
పారేది పారేటట్టే ఆగిపోవాల,
వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలిస్తే
ఆగిన మనిషి మాదిరి.

ఆరోది అద్దుతుంటే కరెంటు పోయింది.
జనరేటరు దగ్గి, దగ్గి, అందుకునేలోపల
ఆరోది ఎండిపోయింది.
ఏడోది చీకట్లోనే వేసినాను,
కండ్లతో కాదు, చేతి అలవాటుతో.
చిన్న చప్పుడైంది. అంతే.

మైక్రోస్కోపు మాకు లేదు, బెంగుళూరులో ఉంది.
రాత్రి బస్సులో క్యాను కాళ్ళ మధ్య పెట్టుకుంటే
కండక్టరు దానికి కూడా టికెట్ కొట్టినాడు.
"ఏముంది లోపల?"
నీళ్ళన్నాను.
"రొండు గుక్కలు పొయ్యమ్మా, నోరెండిపోతాంది."
నా సీసా ఇచ్చి,
క్యానును మోకాళ్ళతో బిగించి పట్టుకున్నాను.