మెటాడోర్

ఇరవై రెండేళ్లు నిలబడే తిరిగాను.
గుంటూరు నుంచి విజయవాడ, విజయవాడ నుంచి గుంటూరు.
మంగళగిరిలో ఎవరైనా దిగితే
ఆ సీటు చల్లారకముందే ఇంకొకరు కూర్చునేవారు.
రిటైరయ్యాక
పడుకోవడానికి వీలున్న బండి ఒకటి కావాలనిపించింది.
అంతకుమించి కారణం లేదు. అడిగినవాళ్లకీ ఇదే చెప్పాను.

ఆటోనగర్లో తుక్కు కొట్టు వెనకాల దొరికింది.
సర్కారు తుమ్మ కొమ్మ ఒకటి ఈ కిటికీలో దూరి
ఆ కిటికీలోంచి బయటికొచ్చింది.
"కాగితాలు బతికున్నాయి, బండే చచ్చింది" అన్నాడు కొట్టాయన.
కాటా లెక్కన ఇనుముగా కొన్నాను.
చీటీ డబ్బులో సగం అక్కడే అయిపోయింది.
మిగతా సగం నా పాత తోలుసంచిలో వేసుకుని
రోజూ తెరిచి చూసుకునేదాన్ని,
చూసినప్పుడల్లా తక్కువే ఉండేది.

టింకరింగ్ బాజీ సుత్తితో ఒక్కటి తట్టి
"అక్కా, రేకు కంటే పుట్టీ ఎక్కువుంది దీన్లో" అన్నాడు.
రోహిణి కార్తె. ముట్టుకుంటే వేళ్లు చుర్రుమనేవి.
తెల్లారగట్ట మొదలెట్టి పదింటికల్లా ఆపేసి
మజ్జిగ తాగి, పక్క కొట్ల తుక్కులో వెతుక్కునేవాళ్లం.
కర్రీ పాయింటు మూసేసినాయన దగ్గర స్టీలు తొట్టి,
చచ్చిన బస్సు సీట్ల స్పాంజి.
నా ఖాకీ చీరలు రెండు చింపి కర్టెన్లు కుట్టాను,
బాధేమీ అనిపించలేదు.

పైకప్పుకి లైనింగు కొనలేక
ఎన్నికలప్పటి ఫ్లెక్సీ తెచ్చి బిగించాం.
దండం పెట్టే చేతులు లోపలికా, పైకా అని
కాసేపు వాదులాడుకుని
మొహాన్ని రేకు వైపుకి తిప్పేశాం.
గెలిచాడో ఓడాడో గుర్తులేదు గానీ
మొన్నటి గాలివానకి మాత్రం మాట తప్పలేదు.

పెయింటర్ జోజి గరుకు కాగితంతో
వెనక తలుపు లోపలివైపు రుద్దుతూ పిలిచాడు.
తెలుపు కింద నీలం, నీలం కింద పాత తెలుపు,
దాని మీద అక్షరాలు.
పైన అరచేయంత 'ర'.
కిందికొచ్చేకొద్దీ చిక్కిపోయి
అడుగున ఆవగింజల వరస.
కళ్ల డాక్టర్ల బండి ఇది ఒకప్పుడు!
పల్నాడు పల్లెల్లో ఎందరు
ఒక కన్ను చేత్తో మూసుకుని
ఈ తలుపు ముందు నిలబడి 'ర' అన్నారో.

జోజి ప్రైమరు డబ్బా మూత పెట్టేశాడు.
నేనూ కన్ను మూసుకుని చదివాను, నాలుగో వరస దాకా.
బాజీ రెండోదాని దగ్గరే ఆగిపోయి
"మనకి చదువు అంతంతమాత్రం కదక్కా" అని నవ్వాడు.
నేను అతని బొటనవేలు చూశాను.
వారంలో మూడుసార్లు సుత్తిదెబ్బ తిన్న గోరు, నల్లగా.

కిటికీ అద్దాలకని దాచిన డబ్బులోంచే
బాజీకి అద్దాలొచ్చాయి.
ఎడమ కిటికీకి ఇప్పటికీ చెక్కే.

అరవయ్యో ఏట తెచ్చుకున్న లైసెన్సుతో
నేనే నడిపాను, వారధి మీద రెండుసార్లు ఆగి,
ఎవరో కుర్రాళ్లు తోస్తే కదిలి,
ఉండవల్లి కరకట్ట దాకా. అంతే ప్రయాణం.
ఆ రాత్రి మొదటిసారి బండిలో కాళ్లు చాపాను.
మోకాళ్లు నమ్మలేదు.
ఎక్కడో సడన్ బ్రేకు పడుతుందని
చాలాసేపు బిగుసుకునే ఉన్నాయి.
చెక్క సందులోంచి కృష్ణ మీద గాలి
కొంచెం చేపల వాసనతో.

పొద్దున్నే బాజీ స్కూటరేసుకొచ్చాడు,
నేను మర్చిపోయిన జాకీ పట్టుకుని.
లెక్క చూస్తే పద్దెనిమిది వందల యాభై తేలింది నేనివ్వాల్సింది.
అద్దాల డబ్బు పట్టుకోమని అతను,
అది లెక్కలోది కాదని నేను.
సంచి దులిపితే నలభయ్యే ఉన్నాయి.
అడుగున మిగిలిన పాత టికెట్టు తీసి
వెనకాల అంకె వేసి, గీత గీసి ఇచ్చాను.
అద్దాలు సర్దుకుని చదివాడు. జేబులో పెట్టుకున్నాడు.

"దిగేటప్పుడు తీసుకో" అన్నాను.