రెండో స్లాటు

మూడింటికి, కాటాలు అయ్యాక,
తేజ రకం టిక్కీల లెక్క సగంలో ఉండగా
తెర నీలమైపోతుంది.
"వైరస్సేనయ్యా" అంటారు గుమాస్తా పానకాలు గారు.
నిన్న రెండుసార్లు. మొన్న నాలుగు.
విండోస్ మార్చి డబ్బులు పట్టుకెళ్లిన కుర్రాళ్లు ముగ్గురు.

మూత విప్పాను.
తుమ్ము. మళ్లీ తుమ్ము.
ఫ్యాను రెక్కల మీద ఎర్రగా
గుంటూరు యార్డంతా ఉంది.

ర్యాములు రెండు. ఒక్కోదాన్నే
మొదటి స్లాటులో పెట్టి
రాత్రంతా పరీక్ష నడిపా,
గోతాల మీద కాళ్లు చాపి.
ఇదీ మంచిదే. అదీ మంచిదే.
తెల్లారగట్ల, ఎందుకో,
మంచిదాన్నే తీసి రెండో స్లాటులో గుచ్చా.
తెరనిండా ఎర్ర గీతలు,
కల్లంలో కాయ పోసినట్టు.

అందరూ పారేయమన్న ర్యామును
స్కూలు పిల్లల రబ్బరుతో రుద్ది
చొక్కా జేబులో వేసుకున్నా.
దాని తప్పేం లేదు.
కూర్చోబెట్టిన చోటే చెడింది.

"బాగైనట్టేనా మరి?"
సగం జ్ఞాపకంతో నడుస్తుందండీ, నెమ్మదిగా.
కొత్త బోర్డు వచ్చేదాకా
కాగితం మీద కూడా రాసుకోండి.

ఆయన చెవి వెనక పెన్ను అప్పటికే చేతిలో ఉంది.
బయట మొదటి లారీ తలుపు దించారు.
ఇద్దరం ఒకేసారి తుమ్మాం.