క్రియకు ముందు క్యూ

సిత్రాలో నాలుగో నంబరు క్యాంపు.
పై మంచం నాది, కింది మంచం లింబాద్రిది.
టైమాఫీసుల గుమాస్తాను గద,
ఇంగ్లీషు కాయితం ఏదొచ్చినా
సబ్బు చేతులతోనైనా సరే
నా దగ్గరికే పట్టుకొస్తరు.

ఇయ్యాల వచ్చింది ఒక్కటే వాక్యం.
ఏడు నెలల ఓటీ సంగతి.

"యువర్ డ్యూస్ విల్ ఆల్సో
వెరీ షార్ట్‌లీ బీ డ్యూలీ పెయిడ్."

చదివిన. మళ్ల చదివిన.
లింబాద్రి తువ్వాల పిండుకుంట అడిగిండు:
"ఇండ్ల పైసలు యాడున్నయే?"
కొసకు, అన్న.
"మరి నడుమ నిలబడ్డోళ్లంత ఎవరు?"

ఎట్ల చెప్పాలె.
విల్ అనేటోడు ముందుగాల పోయి
తలుపు తెరిచి పట్టుకుంటడు.
పెయిడ్ ఇంకా దూరంల, వాకిట్లకు గూడ రాలే.
ఆ సందుల ఆల్సో దూరుతడు,
వెరీ భుజం పట్టుకొని షార్ట్‌లీ దూరుతడు.
డ్యూలీని చూడు,
బీకీ పెయిడ్‌కీ మధ్య జానెడు జాగల
పొట్ట లోపలికి పీల్చుకొని, పక్కకు తిరిగి నిలబడ్డడు.
పొద్దుగాల నాలుగున్నర బస్సు లెక్క.
అందరు ఎక్కిన్రు.
డ్రైవరే రాలే.

లింబాద్రి స్కాఫోల్డింగు మనిషి.
ఆలోచించి అన్నడు:
"ఒక్క పలక మీద నలుగురు నిలబడొద్దని
పైన మాకు బోర్డు పెట్టిన్రు.
కాయితం మీద పెట్టలేదా?"

నేను నవ్వలే.
పోయిన ఎండకాలం టేక్ బహదూర్
పైపుల మధ్య సొమ్మసిల్లి పడ్డనాడు
ఫోర్మన్ చెప్పిండు, నేనే టైపు కొట్టిన:
"హీ జస్ట్ నెవర్ రియల్లీ ఈవెన్ ట్రైడ్."
నలుగురు కలిసి
ఒక్క ట్రైడ్‌ను గోడకు అదిమి పట్టిన్రు.
రియల్లీల రెండో ఎల్ తప్పిపోతే
సరిచేసి మరీ ప్రింటు తీసిన.

మన మాటల్ల గట్ల గాదు, అనుకునేటోణ్ని.
మన క్రియ గొర్లకాపరి.
జల్దిగ, మెల్లగ, నిన్న, రేపు,
అన్నిటినీ ముందటికి తోలి
తాను వెనుక వస్తడు, బీడీ ముట్టించుకొని.
ఆలిశమైతది, కానీ వస్తడు.
ఎవరు చేసిన్రో, ఎన్నడు చేసిన్రో
ఆయన రుమాలు మూటలనే ఉంటది.

రాత్రి లింబాద్రి ఇంటికి ఫోన్ చేసిండు.
సంఘం కిస్తు సోమవారమట.
రాజుబాయి గొంతు పై మంచానికి గూడ వినవడ్డది:
"పైసలు ఎన్నడొస్తయో ఒక్క మాట చెప్పరాదు?"

"ఇగ జెప్పన," అన్నడు,
"ఈ నెల్లనే,
పక్కాగ,
ఒక్కసారే, మొత్తానికి మొత్తం…"

గొర్లన్ని పోయినయి.
వెనుక దుమ్ము.
ఏసీ నీళ్లు బకెట్ల పడుతున్న సప్పుడు.
వస్తయి అనే మాట
నా నాలుక మీదికొచ్చి ఆగింది.
నాది గాదు గద, నేనెట్ల అంట?

"హలో," అన్నది రాజుబాయి, "హలో."
బ్యాలెన్సే అయిపోయిందో
బొటనవేలే ఒత్తిందో
ఫోను నల్లవడ్డది.

తెల్లారక ముందే
కంపెనీకి జవాబు రాయ కూసున్న.
మొదటి మాట దానంతట అదే వచ్చింది:
కైండ్లీ.
తర్వాత పే.

కైండ్లీ కొట్టేసిన.
పే ఒక్కటే మిగిలింది,
పన్నెండు గంటల ఎండల
టోపీ లేకుంట
గేటు కాడ నిలబడ్డ మనిషి లెక్క.
సెక్యూరిటీ వాడు ఊకుంటడా?

బస్సు హారన్ కొట్టింది.
లింబాద్రి బూట్లు తొడుక్కుంట
"రాసినవా?" అన్నడు.

రాస్తున్న, అన్న.
కైండ్లీని మళ్ల తెచ్చి
పే ముంగట నిలబెట్టిన.