రెండు దాటినంక

నల్లగొండ గడియారం కాడ
ఇప్పుడు సెల్‌ఫోన్లకు అద్దాలు మార్చే జాగల
నూర్ బ్యాండ్ రూము ఉండేది.
మేకులకు ఎర్ర కోట్లు,
ఊడిన ఇత్తడి గుండీలు ఊడినట్టే,
మూలకు పెద్ద డ్రమ్ము, దానిమీద పిల్లి.

నాకు పన్నెండేండ్లు.
నెత్తిమీద గ్యాసులైటు మోసేటోణ్ని.
రాత్రికి మూడు రూపాయలు, ఇంత బగార బువ్వ.
పెండ్లికొడుకు మొకం సక్కగ ఎన్నడు చూడలే,
నా వెలుగంత ఆయనకే పోయేది.

బరాత్‌ల వాయించినయి ఇడిసిపెట్టు.
అవి అయిదు రూపాయల నోటు పండ్లల్ల పెట్టుకొని
ముందట ఎగిరే బావమరుదుల పాటలు.
నేను చెప్పేది రెండు దాటినంక సంగతి.

స్టేషన్ దారిల ఇస్మాయిల్ హోటల్
సగం షట్టర్ దించి మా కోసం పాలు కాగవెట్టేటోడు.
కోట్లు బెంచీలకేసి బనీన్ల మీద కూసునేది బ్యాండంత.
మొదలువెడదామని ఎవరూ అనకపోయేది.
జహంగీర్ చెంచతోని సాసరు మీద
టిక్కు, టిక టిక్కు.
యేసోబు, ఊరు లేస్తదేమోనని,
బాకా మూతికి తడి తువ్వాల కట్టి
చిన్నగ ఏదో అడిగేటోడు.

జవాబు చెన్నదాసుది.

మర్రిగూడ దిక్కు మనిషి.
ఆ నీళ్లు తాగిన మెడ
ఇటు తిరగదు, అటు తిరగదు, పైకి లేవదు.
గోధుమరంగు పండ్లు రీడు మీద ఆనిచ్చి
క్లారినెట్‌ను నేలకేసి ఊదేటోడు,
గచ్చు చెవిల గుట్టు చెప్పినట్టు.
తెలిసిన పాటే అనిపించేది,
పట్టుకుందామంటే సందు తిరిగేది.
పీరీల దరువుల మునిగి
ఇంకెక్కడనో తేలేది.

సికింద్రాబాదు క్లబ్బుల డాన్సులకు ఊదిన
గోవా ముసలాయన నేర్పిండట.
దీన్ని జాజ్ అంటరు పిలగా, అన్నడొకనాడు.
మా అమ్మ గడపకు పూసే జాజు అనుకున్న.
చానేండ్లు అట్లనే అనుకున్న.
ఎర్రగనే వినపడేది మరి.

ఒక రాత్రి ఆరు రూపాయల లెక్క కాడ
యేసోబు, జహంగీరు అంగీలు పట్టుకున్నరు.
మాటల్లేవు. ఆ రాత్రి వాయించినంత మంచిగ
మళ్ల ఎన్నడు వాయించలే.

నడుమ మ్యాంటిల్ ఎర్రబడేది.
"గాలి కొట్టు కొడుకా"
కండ్లెత్తకుండనే అనేటోడు చెన్నదాసు.
కొట్టేటోణ్ని. సాసరు చప్పుడు మీదనే కొట్టేటోణ్ని.
నేను కూడ బ్యాండే అన్నట్టు.
ఎవరూ కాదనలే.

అద్దాల దుకాణం నాదే.
డీజే బండి పోతుంటే పెట్టెల అద్దాలు అదురుతయి,
అరచెయ్యి ఆనిచ్చి పట్టుకుంట.
తిట్టను.
ఆ పిలగాండ్లకు కూడ
రెండు దాటినంక ఏదో ఉంటది కావచ్చు.

చెన్నదాసు ఊదిన ముక్క
ఎంత గుంజినా యాదికి రాదు.
కరెంటు పోయినప్పుడు మాత్రం
చీకట్ల నా బొటనవేలు దానంతటదే
టిక్కు, టిక టిక్కు,
గాలి కొడుతుంటది.