సాయంత్రం ఆరు లోపు

శేషాద్రి రోడ్డులో నాది జెరాక్సు కొట్టు.
ఒక కంప్యూటరు, రెండు ప్రింటర్లు,
అందులో ఒకటి ఎప్పుడూ రిపేరు.
అద్దె కరారులు టైపు చేస్తాను, ఆధార్లు లామినేషన్ చేస్తాను,
ధర్నాకి అనుమతి కోరే అర్జీలు రాసిపెడతాను.
అర్జీకి నలభై రూపాయలు.

బెంగళూరులో కోపం ఎక్కడ పుట్టినా
ఎదురుగా ఉన్న ఈ పార్కుకే రావాలి.
యలహంకలో నీళ్ళు రాకపోయినా
కెంగేరిలో గుడిసె కూల్చినా
కోపాన్ని మడిచి సంచిలో పెట్టుకుని
బస్సు దిగి ఇక్కడే విప్పాలి.
దారిలో విప్పితే కేసు.

పార్కంటే ఒకప్పటి జైలు.
ఆ గోడలే, ఆ కాపలా బురుజే.
మా నాన్న అందులో వార్డరు.
పొద్దుగూకేసరికి తలలు లెక్కపెట్టడం ఆయన పని.
ఇంటికొచ్చాక చాప మీద నిద్రపోతున్న మమ్మల్నీ
వేలితో గాల్లో లెక్కపెట్టేవాడు.

ఇవాళ సుంకులమ్మ వచ్చింది.
మడకశిర వైపు మనిషి.
ఇరవై రెండేళ్ళుగా ఊడుస్తోంది ఈ ఊరిని.
చీపురుకట్ట ఆమె వేలిగీతల్ని కూడా ఊడ్చేసింది.
హాజరు మిషను తెల్లవారుజామున ఆమె బొటనవేలిని నాకి చూసి
ఎవరో తెలియదు పొమ్మంటుందట.
పోయిన నెలలో పదకొండు రోజులు ఆమె లేదు.
ఆ పదకొండు రోజులు
మాగడి రోడ్డు తనను తానే ఊడ్చుకుంది కాబోలు.

"రాయి నాయనా, మంట పుట్టేట్టు రాయి" అంది.
ఫారంలో మంటకి గడి లేదు.
ఎంతమంది?
ముప్పైమందిమి.
మైకు?
నా గొంతు సాలదా?
నినాదాలు ముందే రాసివ్వాలక్కా.
"ఆ పొద్దుకి నోటికేమొస్తాదో ఇప్పుడెట్ల తెలుస్తాది?"
ముగించే సమయం?
"దుడ్డు ఇచ్చేదాకా."
సాయంత్రం ఆరు, అని కొట్టాను.

ఆఖరి కాగితం పూచీకత్తు.
పూలకుండీ పగిలినా, గడ్డి నలిగినా
కింద ముద్ర వేసినవారిదే బాధ్యత.
ఇంకు పెట్టె జరిపాను.
ఆమె వేలు దించి తీసింది.
ఒక్క గీత లేదు. నల్లటి బొట్టు.
దాన్నే తీసుకుని స్టేషన్ రైటరు
గట్టిగా స్టాంపు గుద్దాడు.
జీతానికి చెల్లని వేలు
జరిమానాకి చెల్లింది.

నాన్న ఒక సంగతి చెప్పేవాడు.
రేడియోలో ఒకే గొంతు వినబడిన ఏడాది
కరపత్రం పంచినందుకు లోపలికొచ్చిన ఒక లెక్కల మాస్టారు
ఊచల వెనకనుంచి అడిగాడట:
"నన్నెప్పుడో ఒకప్పుడు వదుల్తారు, నిన్నెప్పుడు వదుల్తారయ్యా?"
చాలాకాలం నవ్వుతూనే చెప్పాడు నాన్న.
రిటైరయ్యాక నవ్వకుండా చెప్పాడు.

గురువారం వచ్చారు, చీపుళ్ళతోనే.
మధ్యాహ్నం దాకా అరిచారు. కొందరు ఏడ్చారు.
ఒకామె గోడ నీడలో బిడ్డకి పాలిచ్చింది.
మెమొరాండం తీసుకోడానికి ఎవరూ రాలేదు.

సరిగ్గా ఆరింటికి ఇన్‌స్పెక్టరు గడియారం తట్టాడు.
సుంకులమ్మ లేచి చీర కుచ్చిళ్ళు దోపుకుంది.
"పోతాం సార్. ఊడ్చి పోతాం.
మేం కూకున్న చోటు మేమే గబ్బు చేసి పోతామా?"

ఊడ్చడం మొదలైంది.
నీళ్ళ సీసాలు, అరటి తొక్కలు,
ఎప్పటివో ఎవరివో చిరిగిన బ్యానర్లు,
బ్యారక్కుల్లో పేరుకున్న ఆకులు.
ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చారు.
నినాదాల్లేవు. ముప్పై చీపుళ్ళ చప్పుడు.
ఇన్‌స్పెక్టరు నా అర్జీ నకలు తీసి
ముందూ వెనకా తిప్పి చూశాడు.
చీపురు ఎప్పుడు ఆపాలో
నేనందులో టైపు చేయలేదు.

ఏడూ పది.
లైట్లు వేశారు.
షట్టరు సగం దించి, రోడ్డు దాటి, గేటు దగ్గర నిలబడ్డాను.
నాన్న అలవాటు, వేలు గాల్లోకి లేచింది.
ముప్పై ఒకటి వచ్చింది.
మళ్ళీ లెక్కపెట్టలేదు.