జల్లెడ

పెరంబూరు క్యారేజి వర్క్స్ సైరన్ మోగగానే
మా మెట్ల కింది వాటాలో జల్లెడ మొదలయ్యేది.
అరచేత్తో టప్ టప్, ఆగి, మళ్ళీ టప్.
రాగిపిండి పొగలా లేచి
యాద్విగ కనుబొమలు ఇంకాస్త తెల్లబడేవి.

వీధి మొత్తానికీ ఆమె పోలండ్ పాటి.
చేపలమ్మతో తమిళంలో బేరం,
పోయిన మొగుడు డెస్మండ్ ఫోటోతో ఇంగ్లీషులో తగువు,
లెక్కలు మాత్రం పెదవులు కదుపుతూ
మాకెవరికీ తెలియని భాషలో.

"అరగంట ఇచ్చారు" అనేది.
ఫిబ్రవరి. తెల్లారలేదు. తలుపు మీద తుపాకీ మడమలు.
నాన్న బూట్ల కోసం వెతికాడు.
అన్న కుక్క గొలుసు విప్పాడు.
అమ్మ ఇల్లంతా ఒకసారి కళ్ళతో ఊడ్చి
గోడకున్న జల్లెడ తీసుకుంది.
దుప్పటి కాదు. కత్తి కాదు. పొయ్యి మీది రొట్టె కాదు.
రైల్లో అన్ని రోజులూ నాన్న ఆమెని ఒక్క మాటా అనలేదట.
"అన్నా బాగుండేది."

పిండి లేని చోటికి జల్లెడ.
గుర్రపు వెంట్రుకలతో అల్లింది గనక
మంచు కరిగించిన నీళ్ళు వడకట్టుకున్నారు,
దువ్విన పేలు రాల్చి లెక్కపెట్టుకున్నారు.
దుంగ మీదపడి నాన్న పోయినప్పుడు
నేల గడ్డకట్టి
పైన వేయడానికి పిడికెడు మట్టి రాలేదు.

"దొంగలూ దొంగలూ ఊళ్ళు పంచుకున్నట్టు"
అన్న సామెత మా తాత దగ్గర నేర్చుకుంది.
నచ్చి, దానికి తనే ఒక తోక తగిలించింది:
"వాళ్ళలో వాళ్ళకి చెడితే మమ్మల్ని వదిలారు."
కాస్పియన్ దాటి, పర్షియా, కరాచీ,
కొల్హాపూర్ పక్కన చాప గోడల క్యాంపు.
అమ్మ అక్కడి మట్టిలో. ఆ మట్టి మెత్తన.
అన్న ఇంకో సైన్యం వెంట ఇంకో దారిన.
యుద్ధం గెలిచారని చెప్పిన రోజుకి
వాళ్ళ ఊరు వేరే దేశంలో ఉంది.
క్యాంపు మూశారు. అందరూ ఓడలెక్కారు.
ఈమె ఎం.ఎస్.ఎం. రైలు గార్డు వెనకాల
గార్డు పెట్టెలో కూర్చుని మద్రాసుకొచ్చింది.

మా తాత మునిరత్నం నాయుడు
మదరాసు మనదే అని ఊరేగింపుల్లో గొంతు పోగొట్టుకున్నవాడు.
"మాదీ అంతేనమ్మా. మేం కదల్లేదు,
రాష్ట్రమే తడ అవతలికి నడిచిపోయింది."
ఆమె పిండి దులుపుకుంటూ అడిగింది:
"మీకు అరగంట ఇచ్చారా?"
తాత ఆ పోలిక మళ్ళీ తేలేదు.
మర్నాడు మూర్ మార్కెట్ దాకా వెళ్ళి
చిరిగిన జల్లెడకి కొత్త తీగ వేయించుకొచ్చాడు.
చుట్టూ చెక్క మాత్రం పాతదే.
ఏ చెట్టుదో ఆమెకి తమిళంలో తెలీదు,
నాకు తెలుగులో.

ఎనభై రెండులో గ్దాన్‌స్క్‌కి ట్రంక్ కాల్.
అన్న అక్కడ ఓడలకి అతుకులు వేసేవాడు,
వీధుల్లో మళ్ళీ సైన్యం.
పోస్టాఫీసు బల్ల మీద నాలుగు గంటలు,
నా ఒళ్ళో ఆమె గొడుగు.
లైను కలిసింది. ముందు ఒక రికార్డు గొంతు:
ఈ సంభాషణ తనిఖీలో ఉంది.
ఆమె నవ్వింది. "చెప్పి మరీ వింటున్నారు. మర్యాదస్తులు."
మూడు నిమిషాల్లో ఏం మాట్లాడుకున్నారని అడిగితే
"అమ్మ జల్లెడ ఉందా అన్నాడు.
ఉంది అన్నాను."

ఎక్కడో ఏ ఫైల్లోనో
ఒక గుమాస్తా ఆ మాట రాసుకునే ఉంటాడు.
జల్లెడ. దాని కింద రెండు గీతలు.
సంకేతం ఏమై ఉంటుందని
పై అధికారిని అడిగే ఉంటాడు.

ఎనభై తొమ్మిదిలో మా టీవీ ముందు కూర్చోబెట్టాం.
బ్యాలెట్ పెట్టెలు, పూలు, వేళ్ళతో గుర్తులు చూపే జనం.
చివరిదాకా చూసి "చూద్దాం" అంది,
పిండి సగంలో ఉందని కిందికి దిగిపోయింది.

జలెసె అంటే అడవికి ఆవల అని అర్థమట.
ఆమె పోయిన ఇన్నేళ్ళకి నిన్న రాత్రి ఫోన్లో వెతికాను.
ఆ పేరుతో ఊళ్ళు లెక్కలేనన్ని.
ఒక్కోదాన్నీ రెండు వేళ్ళతో లాగి పెద్దది చేశాను:
అడవి. అడవి.
ఒక మట్టి దారి. అడవి.